గుడ్డు మానేసిన నాన్న, కంట్లో శుక్లం, కణంలో ప్రోటీన్ల లెక్క: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి పిల్ల | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందని ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. డాక్టర్‌గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు: "కంట్లో కటకం, అదే లెన్స్, అంతా ప్రోటీనేనండీ. పచ్చి గుడ్డు సొనలా తేటగా ఉండాల్సింది ఉడికిన గుడ్డులా తెల్లబడింది, అంతే."

అదే కొంప ముంచింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాన్న గుడ్డు ముట్టుకోవడం లేదు. ప్రోటీన్ ఎక్కువై కంట్లో పేరుకుందట! పప్పు కూడా సగానికి తగ్గించారు. ఇంతలో మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. కణంలో ప్రోటీన్ బ్యాలెన్స్ తప్పితే పార్కిన్సన్స్, అల్జీమర్స్, షుగర్, అన్నీ వస్తాయని. దాంతో నాకూ టెన్షన్ మొదలైంది. కంచంలో ప్రోటీన్‌కీ కణంలో ప్రోటీన్‌కీ సంబంధం ఉందా? నేను బీకామ్, గుర్తుపెట్టుకుని చెప్పండి.

ల్యాబ్ ఎలుక | ఆదివారం రాత్రి 10:05

ముందు గుడ్డు సంగతి తేల్చేద్దాం. నాన్నగారిని నిశ్చింతగా తినమనండి. తిన్న ప్రోటీన్ ఉన్నదున్నట్టుగా కంట్లోకి పోదు. పొట్టలో, పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పాత ఇల్లు కూల్చి ఇటుకలు తెచ్చుకున్నట్టు. ఆ ఇటుకలతో ఏం కట్టుకోవాలో ప్రతి కణానికీ దాని జన్యువులు చెబుతాయి.

ఇక లెక్క. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు. కానీ ఒంట్లో రోజూ విరిగి మళ్లీ తయారయ్యే ప్రోటీన్ 250 నుంచి 300 గ్రాములు! తినే దానికి అయిదారు రెట్లు లోపలే కూల్చడం, కట్టడం నడుస్తోంది. వీడియోలో చెప్పిన బ్యాలెన్స్ ఇదీ. తయారుచేయడం, సరిగ్గా మడతపెట్టడం, పాడైనదాన్ని పారేయడం, మూడూ సరిపోవాలి. దీనికి 2008లో ప్రోటియోస్టాసిస్ అని పేరు పెట్టారు.

కటకం దగ్గర ఈ లెక్క వేరు. అక్కడి కణాలు ఎదిగేటప్పుడు కేంద్రకాన్ని, మైటోకాండ్రియాని, లోపలి సరంజామా మొత్తాన్నీ వదిలేసుకుంటాయి. వెలుతురుకి ఏదీ అడ్డం రాకూడదు కదా. మిగిలేవి క్రిస్టలిన్ అనే ప్రోటీన్లు, కటకం బరువులో మూడో వంతు. కేంద్రకం లేదు కాబట్టి కొత్తవి తయారు కావు. పాతవాటిని తీసి పారేసే ఏర్పాటూ దాదాపు లేదు. కటకం నడిబొడ్డున ఉన్న ప్రోటీన్ మీ నాన్నగారు వాళ్లమ్మ కడుపులో ఉండగా తయారైందే. 71 ఏళ్లుగా అదే.

కాజా బాబాయ్ | ఆదివారం రాత్రి 10:31

మడత అంటే నాకు అర్థమయ్యేది మా తాపేశ్వరం వైపు మడత కాజానే. పిండి పొరలు సరిగ్గా మడిచి నొక్కకపోతే నూనెలో విచ్చుకుపోతుంది. విచ్చుకున్నది ఊరుకుంటుందా, పక్కదాన్ని అంటుకుంటుంది. మూకుడంతా ముద్ద. ఇదేనా?

ల్యాబ్ ఎలుక | ఆదివారం రాత్రి 10:44

బాబాయ్, నేను క్లాసులో చెప్పినదానికంటే బాగా చెప్పారు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. అందులో కొన్ని పూసలకి నీళ్లంటే పడదు. మడతపడ్డప్పుడు అవి లోపలికి పోయి దాక్కుంటాయి. మడత విప్పుకుంటే బయటపడి, అలాగే బయటపడ్డ ఇంకోదాన్ని పట్టుకుంటాయి. అలా గుంపు కడుతుంది.

ఒక తేడా ఉంది. కాజాని మనం మడవాలి. ప్రోటీన్‌కి ఎలా మడుచుకోవాలో దండ వరసలోనే రాసి ఉంటుంది. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని పూర్తిగా విప్పేసి, మళ్లీ దానంతటదే మడుచుకుని పనిచేస్తుందని చూపించినందుకే క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కి 1972లో నోబెల్ వచ్చింది. అయితే అది గాజుగొట్టంలో, ఖాళీ చోట. కణం లోపల సంక్రాంతి ముందు రోజు బస్టాండే! ఎవరికీ కదిలే చోటుండదు. అందుకే తోడు ప్రోటీన్లు కావాలి. షాపరోన్లు అంటారు. సగం మడతపడ్డవి పక్కవాటికి అతుక్కోకుండా అవి కాపు కాస్తాయి.

జువాలజీ మాస్టారు | సోమవారం ఉదయం 6:20

ఈ తోడు ప్రోటీన్ల జాడ ఎలా దొరికిందో చెప్పకుండా ఉండలేను. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకి లాలాజల గ్రంథుల క్రోమోజోములు గుర్తుండాలి. ఈగ పిల్ల గ్రంథిని తీసి, ఎసిటోకార్మిన్ రంగు చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కేవాళ్లం. మరీ నొక్కితే స్లిప్ పగిలేది, లేదంటే పట్టీలు కనిపించేవి కావు. ముప్పై ఏళ్లు పిల్లలతో నొక్కించాను.

1960ల మొదట్లో ఇటలీలో ఫెరుచ్చో రితోస్సా ఇదే పని చేస్తున్నాడు. ఎవరో పొరపాటున ఆయన ఈగలున్న పెట్టె వేడి పెంచేశారు. చూస్తే క్రోమోజోము మీద ఎన్నడూ లేని చోట్ల ఉబ్బులు! ఉబ్బు అంటే అక్కడ జన్యువు జోరుగా పనిచేస్తోందని గుర్తు. వేడి తగలగానే కణం ఏవో ప్రత్యేక జన్యువులు తెరుస్తోందన్నమాట. ఒక పెద్ద పత్రిక వద్దంది. 1962లో ఇంకోచోట అచ్చయింది. అప్పుడు తెరుచుకున్న జన్యువుల నుంచి వచ్చేవే హీట్ షాక్ ప్రోటీన్లు. ఉప్పుకప్పురంబులాగా పైకి తేడా తెలియని ఉబ్బులే, చూసేవాడికి తెలిసింది.

అమ్మాయ్, మీ నాన్నగారి కంట్లోనూ ఆ వంశం వాళ్లే ఉన్నారు. క్రిస్టలిన్లలో ఆల్ఫా రకం చిన్న హీట్ షాక్ ప్రోటీనే.

ల్యాబ్ ఎలుక | సోమవారం ఉదయం 8:02

మాస్టారూ, నా మాట మీరు లాగేసుకున్నారు. ఆల్ఫా క్రిస్టలిన్ తోడు ప్రోటీన్‌గా పనిచేస్తుందని 1992లో జోసెఫ్ హోర్విట్జ్ చూపించాడు. మన హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీలో సీహెచ్ మోహనరావుగారి బృందం ఏళ్ల తరబడి దీని మీద పనిచేసింది.

నేను చేసిన మొదటి ప్రయోగం కూడా ఇదే. రెండు గొట్టాల్లో ఇన్సులిన్. దాని గొలుసులని కలిపే బంధాలు తెగ్గొట్టే రసాయనం రెండింటిలో వేస్తాం. ఒక గొట్టంలో మాత్రం ఆల్ఫా క్రిస్టలిన్ కలుపుతాం. కాసేపటికి మొదటిది బియ్యం కడిగిన నీళ్లలా అయిపోతుంది. రెండోది తేటగా అలాగే ఉంటుంది. ఆ రోజు టీకి వెళ్లడం మానేసి ఆ గొట్టాల్నే చూస్తూ కూర్చున్నా.

కటకంలో కిటుకు ఏంటంటే, ఆల్ఫా నిల్వ పుట్టుకతో వచ్చిన డిపాజిట్ లాంటిది. నడి భాగంలో మళ్లీ వేసేదుండదు, తీయడమే. ఎండ, పొగాకు, షుగర్, ఏళ్లూ కలిసి మిగతా క్రిస్టలిన్లని పాడుచేస్తుంటే ఆల్ఫా ఒక్కోదాన్నీ పట్టుకుంటూ పోతుంది. డిపాజిట్ అయిపోయాక తెల్లబడటమే. గుడ్డు వేడికి ఉడుకుతుంది, కటకం వయసుకి ఉడుకుతుంది.

సందేహాలరావు | సోమవారం ఉదయం 11:15

ఇదంతా బాగానే ఉంది. మరి ఉపవాసం చేస్తే కణాలు తమ చెత్త తామే తినేస్తాయని నోబెల్ ఇచ్చారు కదా? మన పెద్దలు ఏకాదశి పెట్టింది ఊరికేనా? శుక్లం కూడా పోవచ్చేమో.

మోడరేటర్ | సోమవారం ఉదయం 11:40

శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ప్రకటన ఒకటి ఇక్కడినుంచి తీసేశాను. ఇంకోసారి పెడితే ఖాతా ఆగిపోతుంది. చర్చ సాగించండి.

ల్యాబ్ ఎలుక | సోమవారం మధ్యాహ్నం 1:26

చుక్కల మందు మాట వచ్చింది కాబట్టి, 2015లో లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల కళ్లలో శుక్లాన్ని తగ్గించిందని పెద్ద పత్రికలో వచ్చింది. ఆ తర్వాత మనుషుల కంట్లోంచి తీసిన శుక్లాల్ని అందులో నానబెట్టి చూస్తే కరగలేదు. ఇప్పటికి మందు లేదు, ఆపరేషనే.

రావుగారూ, నోబెల్ నిజం, 2016లో. యోషినోరి ఓసుమికి. ఉపవాసం చేసింది మాత్రం ఆయన కాదు, ఈస్టు! చెత్తని అరిగించే ఎంజైములు లేని ఈస్టుని పస్తు పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే, దాని సంచిలో చిన్న చిన్న మూటలు తిరుగుతూ కనిపించాయి. అరగక మిగిలిపోయిన చెత్త మూటలు. తర్వాత ఆ పనికి కావలసిన జన్యువులు ఒక్కొక్కటీ పట్టుకున్నాడు. దానికే నోబెల్. మనిషి ఇన్ని గంటలు మాడితే ఇంత చెత్త పోతుందని ఆ పనిలో ఎక్కడా లేదు. కటకం నడిమి కణాల్లో ఆ మూటలు కట్టే సరంజామానే లేదు, ఎన్ని ఏకాదశులు చేసినా.

మందుల షాపు సీతయ్య | సోమవారం మధ్యాహ్నం 2:03

షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు ఇలాంటి వీడియోలు చూసి ఉపవాసాలు చేయకండి బాబూ. గ్లిమెపిరైడ్ వేసుకుని ఏమీ తినకుండా ఉండి, కళ్లు తిరిగి పడిపోయిన పెద్దాయన్ని పోయిన నెలే మా షాపు ముందు కూర్చోబెట్టి పంచదార నీళ్లు తాగించాం. భక్తితో చేస్తే చేయండి, డాక్టర్‌కి చెప్పి చేయండి.

జువాలజీ మాస్టారు | సోమవారం సాయంత్రం 5:48

పారేసే దారి రెండు రకాలు. ఓసుమిది టిప్పర్ లారీ, ఒకేసారి ఎక్కువ ఎత్తుకుపోతుంది. రోజూ ఇంటింటికీ వచ్చే చెత్త బండి వేరే ఉంది. పారేయాల్సిన ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అని 76 అమైనో ఆమ్లాల చిన్న చీటీ అంటిస్తారు. ఒకటి కాదు, గొలుసుగా అంటిస్తే అప్పుడు ప్రోటియసోమ్ అనే పీపా దాన్ని పట్టుకుని, మడత విప్పి, లోపలికి లాగి ముక్కలు చేస్తుంది.

దీని వెనక ఉన్న ప్రశ్న నాకు భలే ఇష్టం. అన్నం అరగడానికి, అంటే ప్రోటీన్ బంధాలు తెగడానికి, శక్తి పెట్టనక్కర్లేదు. మరి కణం లోపల ప్రోటీన్‌ని విరగ్గొట్టడానికి ఏటీపీ, అంటే కణం శక్తిగా వాడుకునే సరుకు, ఎందుకు ఖర్చవుతోంది? పడగొట్టడానికి కూడా కూలి ఎందుకు? ఇజ్రాయెల్‌లోని హైఫాలో అవ్రమ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ సీహనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్ దీన్నే పట్టుకుని లాగారు. తేలింది ఏంటంటే, ఆ ఖర్చు ఏది పారేయాలో ఎంచినందుకు. 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్.

వరంగల్ అల్లుడు | సోమవారం రాత్రి 8:19

మాస్టారూ, ఆ పీపా పేరు నేను మా మామయ్య ఫైల్లో చూశాను. ఆయనకి మల్టిపుల్ మైలోమా. వారానికోసారి పొట్ట మీద బోర్టిజోమిబ్ ఇంజెక్షన్. "ప్రోటియసోమ్ నిరోధకం" అని కాగితంలో ఉంది. అంటే చెత్త బండిని ఆపేసే మందా? చెత్త పేరుకుంటేనే జబ్బు అని ఇక్కడ అందరూ అంటుంటే ఇదేం వైద్యం?

ల్యాబ్ ఎలుక | సోమవారం రాత్రి 9:00

అల్లుడుగారూ, చాలా మంచి ప్రశ్న. ఈ చర్చలో నాకు నచ్చిన మలుపు ఇదే.

మైలోమా అంటే ప్లాస్మా కణాల కేన్సర్. వాటి పని యాంటీబాడీలు తయారుచేయడం. ఒక్కో కణం సెకనుకి వేలల్లో బయటికి పంపుతుంది. అంత సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికిరాని సరుకూ అంతే ఉంటుంది. చెత్త బండి ఒక పూట రాకపోతే మామూలు ఇల్లు తట్టుకుంటుంది, పెళ్లివారిల్లు తట్టుకోదు. విస్తరాకులు గుమ్మం దాకా వచ్చేస్తాయి. బోర్టిజోమిబ్ అదే చేస్తుంది. మడత తప్పిన సరుకు పేరుకుంటే కణం ముందు అలారం మోగించి ఉత్పత్తి తగ్గిస్తుంది. అయినా సర్దుకోకపోతే చచ్చిపోతుంది. అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది.

అరికాళ్లలో చీమలు పాకినట్టు, మంటగా ఉందంటే ఓర్చుకోమనకండి, డాక్టర్‌కి వెంటనే చెప్పండి. నరాలకి ఇది తెలిసిన ఇబ్బందే. మోతాదు మారుస్తారు.

మందుల షాపు సీతయ్య | సోమవారం రాత్రి 9:14

ఇంకోటి. గ్రీన్ టీ, గ్రీన్ టీ మాత్రలు ఆపేయమనండి. అందులో ఉండే ఈజీసీజీ ఈ మందుని పట్టేసుకుని పనిచేయనివ్వదని ఎలుకల్లో చూశారు. ఆరోగ్యానికి మంచిదని పూటకో కప్పు ఇచ్చేవాళ్లు చాలామంది.

వరంగల్ అల్లుడు | సోమవారం రాత్రి 9:17

మా అత్తయ్య రోజూ రెండు కప్పులు ఇస్తోంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

ఎడిసన్ కోడలు | మంగళవారం ఉదయం 7:50

న్యూజెర్సీ నుంచి. మా అత్తగారికి పార్కిన్సన్స్, ఆరేళ్లుగా. వీడియోలో చెప్పినట్టు అది కూడా ప్రోటీన్ జబ్బేనా? ఈ మధ్య నేను ఒకటి గమనించాను. మధ్యాహ్నం ముద్దపప్పు, అన్నం తిన్నాక సిండోపా వేస్తే అస్సలు పనిచేయట్లేదు. కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. పొద్దున్న ఖాళీ కడుపుతో వేసింది మాత్రం బాగానే పట్టుకుంటోంది. ప్రోటీన్ పెంచితే జబ్బు పెరుగుతోందా?

ల్యాబ్ ఎలుక | మంగళవారం ఉదయం 9:33

మీరు అడిగింది రెండు వేర్వేరు సంగతులండీ. కలిపేయొద్దు.

జబ్బు సంగతి: మెదడు కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మడత తప్పి ముద్దలు కడుతుంది. లేవీ బాడీలు అంటారు. ఆ జన్యువులో మార్పు వల్ల వంశపారంపర్యంగా పార్కిన్సన్స్ రావచ్చని 1997లో తేలింది. చిన్న వయసులో వచ్చే రకం కొన్ని కుటుంబాల్లో పార్కిన్ అనే జన్యువు చెడి ఉంటుంది. ఆ పార్కిన్ పని ఏంటో తెలుసా? మాస్టారు చెప్పిన యుబిక్విటిన్ చీటీ అంటించడం. చర్మ కణమైతే రాలిపోతుంది, కొత్తది పుడుతుంది. మెదడు కణం విభజన చెందదు, ఉన్న చెత్తని ఇద్దరు పిల్లలకి పంచి తేలికపడే వీల్లేదు.

మందు సంగతి: ఇక్కడ నిజంగానే కంచంలో పప్పుకి పాత్ర ఉంది. సిండోపాలో ఉండే లీవోడోపా కూడా అమైనో ఆమ్లం లాంటిదే. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి అదే గుమ్మం గుండా పోవాలి. పప్పు తిన్నాక గుమ్మం దగ్గర తోపులాట. మాత్ర భోజనానికి అరగంట ముందు వేయడం మామూలు పద్ధతి. పప్పు మాన్పించకండి, చిక్కిపోతారు. అవసరమైతే పప్పు, పెరుగు రాత్రి పూటకి జరుపుతారు, డాక్టర్‌ని అడిగి చేయండి.

ఎడిసన్ కోడలు | మంగళవారం ఉదయం 9:58

ఆరేళ్లలో ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. థాంక్యూ అండీ.

సందేహాలరావు | మంగళవారం ఉదయం 10:10

సరే, చెత్తే కారణమైతే ఆ చెత్త ఊడ్చేస్తే పోలా?

ల్యాబ్ ఎలుక | మంగళవారం ఉదయం 10:41

అల్జీమర్స్‌లో అదే చేశారు. లెకానెమాబ్ అనే యాంటీబాడీ మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల్ని ఊడుస్తుంది. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. ఊడ్చిన మాట నిజం. మొదటి దశలో ఉన్నవాళ్లలో 18 నెలల్లో దిగజారడం 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, వెనక్కి రాలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. వంటిల్లు కాలిపోయాక మసి తుడిచినంత మాత్రాన వంట కాదు కదా. నా అభిప్రాయం మాత్రమే, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

నందిని అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 3:22

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈ రోజు రాస్తున్నాను. మా పాపకి బీటా థలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం. ఐరన్ తగ్గించే మందు రోజూ నీళ్లలో కలిపి తాగాలి. గ్లాసు అడుగున మిగిలిన పొడి కూడా కాసిని నీళ్లు పోసి తాగించాలి. దానితో రోజూ యుద్ధమే. పాపకి హిమోగ్లోబిన్‌లో బీటా తయారవదు అన్నారు. తక్కువైతే రక్తం పలచబడాలి గానీ, కణాలు ఎముక మూలుగలోనే ఎందుకు చచ్చిపోతున్నాయి? ఇది కూడా మీరు చెప్పే లెక్కలోదేనా?

జువాలజీ మాస్టారు | మంగళవారం సాయంత్రం 6:05

తల్లీ, అచ్చంగా ఆ లెక్కే. హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా ప్రోటీన్ గొలుసులు ఉండాలి. బీటా రాకపోతే లోటు ఒక్కటే కాదు, జత దొరకని ఆల్ఫాలు మిగిలిపోతాయి. ఒంటరి ఆల్ఫా కరిగి ఉండలేదు. పేరుకుని, పుడుతున్న ఎర్రకణం పొరని లోపలినుంచి పాడుచేస్తుంది. కణం మూలుగ దాటకముందే పోతుంది. పాపని బాధపెడుతోంది లేనిదానికంటే మిగిలిపోయిందే.

రుజువు ఏంటంటే, ఇదే బీటా లోపంతో పాటు ఆల్ఫా జన్యువులు కూడా కొన్ని పోగొట్టుకుని పుట్టిన పిల్లలుంటారు. రెండు లోపాలుంటే జబ్బు రెట్టింపు కావాలి. కానీ వాళ్లకి తేలిగ్గా ఉంటుంది! రెండు వైపులా తగ్గింది కాబట్టి తూకం కొంత సరిపోయింది.

ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ముందే డాక్టర్‌తో మాట్లాడండి, గర్భంలోనే పరీక్ష చేసే వీలుంది. బంధువుల్లో పెళ్లికి ఉన్నవాళ్లకి ఈ లోపం మోస్తున్నారేమో తెలిసే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించమనండి.

నందిని అమ్మ | మంగళవారం సాయంత్రం 6:31

మిగిలిపోయిందే బాధపెడుతోంది అన్న మాట పాప వాళ్ల నాన్నకి చదివి వినిపించాను మాస్టారూ. మా ఆడపడుచు కూతురికి సంబంధాలు చూస్తున్నారు, పరీక్ష సంగతి ఈ రోజే చెబుతాను.

సందేహాలరావు | మంగళవారం రాత్రి 7:02

మా మన్యంలో కనిపించే సికిల్ సెల్ కూడా మడత తప్పడమేనా?

ల్యాబ్ ఎలుక | మంగళవారం రాత్రి 7:20

కాదు రావుగారూ, చాలామంది అలాగే అనుకుంటారు. అక్కడ మడత సరిగ్గానే ఉంటుంది. బీటా గొలుసులో ఆరో చోట ఒక్క అమైనో ఆమ్లం మారి, పైన ఒక జిగురు చుక్క ఏర్పడుతుంది. ఆక్సిజన్ వదిలాక ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా సాగి, కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ముద్ద కట్టినవన్నీ మడత తప్పినవి కావు.

కాజా బాబాయ్ | మంగళవారం రాత్రి 8:45

ఉడికిన గుడ్డుని మళ్లీ పచ్చి చేయలేరా మరి?

ల్యాబ్ ఎలుక | మంగళవారం రాత్రి 8:52

చేశారు బాబాయ్, 2015లో. ఉడికించిన తెల్లసొనని యూరియాలో కరిగించి, గిరగిరా తిరిగే గొట్టంలో వేసి, అందులోని లైసోజైమ్‌ని మళ్లీ పనిచేసేలా మడతపెట్టారు. దానికి ఆ ఏడాది ఇగ్‌నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి కూడా వచ్చింది. కంట్లోకి యూరియా పోయలేం కాబట్టి మనకి పనికిరాదు.

తెనాలి పిల్ల | శుక్రవారం సాయంత్రం 4:40

ఆపరేషన్ అయింది, బాగా జరిగింది. శుక్లం గట్టిపడిపోయిందని, పగలగొట్టకుండా గడ్డని మొత్తంగా తీశారట. నాన్న చూస్తానంటే సిస్టర్ చిన్న గిన్నెలో చూపించారు. నేను తెల్లగా ఉంటుందనుకున్నా. ముదురు బెల్లం రంగులో, కందిబద్ద కంటే కాస్త పెద్దగా ఉంది.

ఎలుకగారు రాసింది అక్కడే చదివి వినిపించాను, నడిమధ్య భాగం నానమ్మ కడుపులో ఉండగా తయారైందని. కట్టు లేని కన్నుతో చాలాసేపు చూశారు. "అయితే ఇది నాకంటే ఆరేడు నెలలు పెద్దది" అన్నారు.

కాజా బాబాయ్ | శుక్రవారం సాయంత్రం 5:01

శుభం. గుడ్డు సంగతి ఏమైంది?

తెనాలి పిల్ల | శుక్రవారం సాయంత్రం 5:09

ఆమ్లెట్ అయితే తింటారట. అది కూడా ఉడికిందే కదా నాన్నా అంటే, "అది తెల్లగా ఉండదు" అన్నారు.